చారల చెరుకు

ప్లేటుకు రేకు కాగితం చుట్టి డ్రాయరులో పెట్టి మూశాను, ఇక గంటసేపు తెరవడానికి వీల్లేదు, వెలుతురు తగిలితే పరీక్ష పాడవుతుంది, పాడైతే మళ్ళీ చెయ్యడానికి ఆకు లేదు. ప్లేటంటే తినే పళ్ళెం కాదు, అరచెయ్యంత గాజులాంటి పలక, దాని నిండా చిన్న చిన్న గుంటలు, ఒక్కో మొక్క ఆకు నూరి ఆ రసం వాటిలో పోశాను. రసంలో మొజాయిక్ తెగులుంటే గుంటలో నీళ్ళు పసుపెక్కుతాయి, లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, చూడ్డానికి కళ్ళూ, చూడకుండా ఉండడానికి ఓపికా ఉంటే చాలు, ఆ రెండోది నాకు పుట్టుకతోనే రాలేదు. బయట వరండాలో బల్ల మీద మా మేనత్త కూర్చుని ఉంది. నిన్న ఆవిడ తన చెరుకు తోట మొత్తం దగ్గరుండి ట్రాక్టరుతో దున్నించేసింది. ఆ చెరుకు ఇప్పుడు ఎక్కడైనా మిగిలి ఉందంటే ఈ గదిలో, కిటికీ పక్క అరలో, ఆరు గాజు సీసాల్లో ఉంది, సీసాకొక మొక్క, ఒక్కోటీ నా చిటికెన వేలంత. ఆరింటిలో ఒక్కదాని గుంటైనా నీళ్ళలాగే మిగిలితే ఆ జాతి బతికినట్టు. ఆరూ పసుపెక్కితే ఆరింటినీ సాయంత్రంలోగా ఉడకబెట్టి చంపెయ్యాలి, అలా చేస్తామని ఈ ల్యాబు నడిపే మా మేడం వ్యవసాయ అధికారికి మాటిచ్చింది, మేడం మాటిచ్చిందంటే ఉడకబెట్టేది నేనే.

ఏసీ గురక పెడుతోంది. దానికి జలుబు చేసి చాలాకాలమైంది, ఎవరూ మందు వెయ్యరు. గదంతా స్పిరిటు వాసన, నా చేతులు కూడా అదే వాసన, ఇంటికెళ్ళి అన్నం కలుపుకున్నా అదే వాసన, మా ఆయన మొదట్లో ముక్కు చిట్లించేవాడు, ఇప్పుడు ఆ వాసన రాకపోతే ఇవాళ పనికి వెళ్ళలేదా అని అడుగుతాడు. గడియారం వంక చూడకూడదనుకున్నాను, చూశాను. ముల్లు ఉన్న చోటనే ఉంది. సరే, గాజుసామాను కడుగుదాం. కడగాల్సినవన్నీ పొద్దున్నే కడిగేశాను. కడిగినవి మళ్ళీ కడిగితే పాపం తగలదు కదా, కుళాయి తిప్పాను, తిప్పగానే తలుపు కొంచెం తెరుచుకుని అత్త తల లోపలికొచ్చింది, చెప్పులు బయట విడిచినట్టుంది, పాదం మాత్రం గడప దాటలేదు, ఈ గదిలోకి బయటి దుమ్ము రాకూడదని ఎప్పుడో ఒక్కసారి చెప్పాను, చెప్పింది గుర్తుపెట్టుకునే మనిషి.

"అయిందా?"

"ఇప్పుడేగా పెట్టాను. గంట పడుతుంది."

"మీ గంట మా గంటకంటే పెద్దదిలా ఉందే."

"నీళ్ళు తాగావా అత్తా?"

"నువ్వు తాగావా?" అని తలుపు మూసేసింది. అదీ ఆవిడ వరస, అడిగిన దానికి జవాబు చెబితే సొమ్మేదో పోయినట్టు. పొద్దున మేడం నన్ను పక్కకి పిలిచి, మీ అత్తగారిని ఇంటికి పంపించు, ఇక్కడ కూర్చున్నంత మాత్రాన రంగు మారదు కదా అంది. ఆవిణ్ణి ఇంటికి పంపించడం మీ వల్ల అయితే నేను ఇవాళే ఉద్యోగం మానేస్తానండీ అన్నాను. మేడం వరండాలోకి వెళ్ళింది, ఏం మాట్లాడిందో తెలీదు, తిరిగొచ్చి తన కుర్చీ మీది దిండు తీసుకెళ్ళి అత్తకి వేసి వచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఇలాంటి పూట ఏది ఎటు తిరుగుతుందో చెప్పలేం.

అమ్మ ఆస్పత్రిలో నర్సు, నాన్న లారీ మీద వెళితే వారానికోసారి కనబడేవాడు, అందుకని నేను పెరిగింది అత్త దగ్గర, అంటే చెరుకులో. ఆకు అంటే చారలుండేదని అనుకుంటూ పెరిగాను. ముదురాకుపచ్చ మీద లేతాకుపచ్చ చారలు, నిలువునా, ఎవరో తడి కుంచె పెట్టి గీసి మధ్యలో విసుగొచ్చి వదిలేసినట్టు అక్కడక్కడ తెగిపోతూ. మిగతావాళ్ళ చెరుకు ఆకు ఉత్త పచ్చగా ఉంటే, పాపం వాళ్ళకి చారలు లేవు అనుకునేదాన్ని. ఫ్యాక్టరీలు కొనే రకం కాదు మాది, నమిలి తినే రకం, పన్ను పెడితే చాలు తొక్క ఊడొచ్చేంత మెత్తన, తీపి కూడా గొంతులో దురద పెట్టని తీపి. బస్టాండు ముందు రసం బండివాడు అట్టముక్క మీద చారల చెరుకు అని రాసి వేలాడదీసేవాడు, ఆ అట్టముక్క చూసి జనం ఆగేవాళ్ళు. కూలికొచ్చే ఆడవాళ్ళు అత్తని వెనకాల చారలమ్మ అనేవాళ్ళు, ఎదురుగా కూడా అనేవాళ్ళు, ఆవిడకి కోపం వచ్చేది కాదు, పైగా కొంచెం మెడ నిటారయ్యేది. నాకు తెలిసి ఆవిడ మెచ్చుకోలుకి లొంగిన సందర్భం అదొక్కటే.

పొద్దున్నే సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని సాళ్ళ వెంట నడిచేవాళ్ళం, ఆవిడ ముందు, నేను వెనక. ఎండ ఎదురుగా ఉంటే ఆకు మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు, వీపు వెనక ఉంటే మన నీడ ఆకు మీద పడుతుంది, ఆ నీడలో చార తేటగా తెలుస్తుంది, ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు, ఆవిడకి వాళ్ళమ్మ, నాకు ఆవిడ. మొవ్వులోంచి కొత్తగా విచ్చుకుంటున్న ఆకుని రెండు వేళ్ళతో వంచి చూసేది. చార ఉంటే వదిలేసేది. లేకపోతే ఆగి, దుబ్బు మొదలు దాకా చూసి, "కేళీ, పీకెయ్," అనేది. కేళీ అంటే జాతి తప్పిన మొక్క, ఎక్కణ్ణుంచో వేరే రకం ముచ్చె, అంటే నాటే గడ ముక్క, కలిసి మొలిచిందని లెక్క. విత్తనానికి ముక్కలు కోసేటప్పుడు ఒక్క కేళీ కలిసినా జాతి పాడవుతుంది. నేను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి లాగేదాన్ని, వేళ్ళు ఒక్కసారిగా తెగి వచ్చేవి, నేను వెల్లకిలా పడేదాన్ని, ఆవిడ నవ్వేది. పచ్చగా, దిట్టంగా, నవనవలాడుతూ ఉండేవి అవి. ఇంత బావుంది కదత్తా అంటే, బావుంటే ఏం, మనది కాదుగా అనేది.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మేడం మాకు పాఠం చెబుతూ గోడ మీద బొమ్మ వేసింది, మొజాయిక్ తెగులు సోకిన చెరుకు ఆకు. నా పక్కన కూర్చున్న వాళ్ళు రాసుకుంటున్నారు. నేను రాయడం ఆపేశాను. గోడ మీద మా ఇల్లుంది. అది తెగులట, రకానికి గుర్తు కాదట, పేనుబంక పురుగు ఒక ఆకు పీల్చి ఇంకో ఆకు మీద వాలినప్పుడు అంటుకుంటుందట, ఒకసారి గడలోకి చేరిందంటే ఆ గడ కోసి నాటిన ప్రతి ముచ్చెలోనూ అదే మొలుస్తుందట, చెరుకుతో ఊరుకోక జొన్నకీ మొక్కజొన్నకీ గట్టు మీద గడ్డికీ పాకుతుందట. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. అత్త వింది. "నేను పుట్టకముందు నించీ ఉన్న చారలే అవి, నీ గోడ మీద బొమ్మ నిన్న గీసింది," అంది. మా ఇద్దరికీ చాలాకాలం మాటల్లేవు, మాటల్లేకపోయినా ప్రతి ఆదివారం భోజనానికి వెళ్ళేదాన్ని, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కోపంగా తినేవాళ్ళం. ఈలోగా గడలు సన్నబడుతున్నాయి. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడుండేది బెత్తెడైంది. ఆవిడ ఎరువుని తిట్టింది, నీళ్ళని తిట్టింది, కూలీలని, మబ్బుల్ని, చివరికి రసం బండివాణ్ణి కూడా తిట్టింది, చారల్ని మాత్రం ఒక్క మాట అనలేదు.

గడియారం కదిలింది, అంటే అది బాగానే ఉంది, చెడింది నేనే.

ఆ తరవాత అటుపక్క తోటవాళ్ళ చెరుక్కి చారలొచ్చాయి, ఇటుపక్క వాళ్ళ మొక్కజొన్నకి చారలొచ్చాయి. గోడౌన్లో మీటింగు పెట్టారు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, అమ్మా మీ తోట తీసేస్తే తప్ప ఈ చుట్టుపక్కల తెగులు ఆగదు అన్నాడు. అందరూ అత్త అరుస్తుందని చూస్తున్నారు, నేనూ అదే చూస్తున్నాను. ఆవిడ లేచి, పక్క తోటాయన పిల్లలు ఆ పంట మీదే చదువుకుంటున్నారు, నాకు తెలుసు, తీయిస్తాను, కానీ విత్తనం మిగల్చండి అంది. ముచ్చె ముక్క కూడా మిగలకూడదమ్మా, మిగిలితే తెగులూ మిగిలినట్టే అన్నాడాయన. అప్పుడు నేను లేచాను. నేనెందుకు లేచానో నాకే తెలీదు, కాళ్ళు లేచాయి, వాటి వెనక నేను లేచాను. మొవ్వు కొసలోకి తెగులు చేరదండీ, గడంతా తెగులున్నా కొత్త ఆకు పుట్టే ఆ ఒక్క చుక్కలోకి అది అంత తొందరగా పోలేదు, ఆ చుక్కని కోసి సీసాలో పెంచితే శుభ్రమైన మొక్క వస్తుంది, నేను చేస్తాను అన్నాను. ఇంతకుముందు చేశావా అని అడిగాడు. చూశాను అన్నాను. అత్త నా వంక తిరిగి, అంత కోపంలోనూ, "అది చేస్తానంటే చేస్తుంది," అంది. ఆ మాట నా మెడకి కట్టేసి కూర్చుంది.

చూడ్డం వేరు, చెయ్యడం వేరు. తెగులు నెమ్మదించడానికి పిలకల్ని వేడి పెట్టెలో ఉంచి, ఆకు తరవాత ఆకు ఒలుచుకుంటూ పోతే చివర మిగిలేది ఆవగింజ కంటే ఎన్నో రెట్లు చిన్న బొడిపె, భూతద్దం కింద తడితడిగా మెరుస్తూ. కొంచెం పెద్దగా కోస్తే తెగులు కూడా వెంట వచ్చేస్తుంది. మరీ చిన్నగా కోస్తే అది బతకదు. ఊపిరి బిగబట్టి కత్తి ఆనించాలి, చెయ్యి వణికితే పోయింది, వణక్కూడదని అనుకుంటే ఇంకా వణుకుతుంది. మొదటి విడత నల్లబడిపోయింది. రెండో విడతకి బూజు పట్టింది. ఆ తరవాతది బ్రహ్మాండంగా పెరిగింది, పరీక్ష చేస్తే మొత్తం పసుపు, భయపడి పెద్దగా కోసేశాను, భయం చేసే పనే అంత. మేడం టీ తెప్పించింది, ఆవిడ టీ తెప్పించిందంటే తిట్టడానికి మనసొప్పలేదని. ప్రతిసారీ అత్త పిలకలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది, ఏమైందని అడిగేది కాదు, మళ్ళీ తెచ్చేది. చివరి విడత పిలకలు తెచ్చినప్పుడు మాత్రం, ట్రాక్టరు మాట్లాడాను అని ఒక్క ముక్క చెప్పింది. ఈసారి నేను చిన్నగానే కోశాను. చస్తే చస్తాయి, సగం తెగులుతో బతికిన మొక్క నాకొద్దు, అని పైకే అనుకుంటూ కోశాను. చాలా వరకు చచ్చాయి. ఆరు నిలిచాయి.

నిన్న ట్రాక్టరు వెనక నేనూ ఉన్నాను. డ్రైవరు కుర్రతనం పోని మనిషి, ఆవిడంటే భయం, ఆవిడ చెరుకు నములుతూ పెరిగినవాడే. సగం తోట అయ్యాక ఇంజను ఆపి, అమ్మా ఆ మూల ఒక దుబ్బు వదలమంటారా, ఎవరికీ కనబడదు అన్నాడు. "ఒకటి వదిలేటట్టయితే నువ్వెందుకొచ్చావు?" అంది. వాడు తల దించుకుని మళ్ళీ ఇంజను వేశాడు. దుబ్బులు వేళ్ళతో సహా పైకి లేచి పక్కకి పడుతుంటే తీపి వాసన గుప్పుమంది, తడిమట్టీ పచ్చిరసమూ కలిసిన వాసన. ఆవిడ వెనకే నడిచి నాగలికి అందని దుబ్బుల్ని గునపంతో తవ్వి తీసింది. నేను సాయం పట్టబోతే, నీ చేతులకి దెబ్బ తగిలితే రేపు ఆ గుంటల్లో రసం ఎవరు పోస్తారు అని కసిరింది.

ఇవన్నీ సరే. అసలు విషయం వేరే ఉంది, పొద్దుటినించీ దాని చుట్టూ తిరుగుతున్నాను కానీ దాని మీద కాలు పెట్టడంలేదు. పోయిన వారం టీ తాగుతూ మేడం మామూలుగా చెప్పింది, కొన్ని దుబ్బులు తెగుల్ని వాటంతట అవే వదిలించుకుంటాయి, ఎందుకో పూర్తిగా తెలీదు, చారలు లేకుండా పచ్చగా లేస్తాయి, అలాంటివి ఏరి నాటుకుంటే తోట దానంతటదే బాగుపడుతుంది, మీ వాళ్ళ తోటలో ఎప్పుడూ అలాంటివి రాలేదా అంది. వచ్చాయండీ అన్నాను. మరి ఏం చేశారు అంది. పీకేశామండీ అన్నాను. మేడం కప్పు కింద పెట్టింది. నా టీ చల్లారిపోయింది. అంటే మా చెరుకు ప్రతి ఏడూ తనని తాను బాగుచేసుకుందామని చూసింది, ప్రతి ఏడూ మేము సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని శ్రద్ధగా వెళ్ళి, బాగుపడిన దాన్నల్లా వెతికి వెతికి పీకి పారేశాం. మా అత్త, వాళ్ళమ్మ, అంతకు ముందు ఇంకెవరో. బద్ధకస్తులైతే చెరుకు బతికేది. ఇది అత్తకి చెప్పాలా? చెప్పకపోతే ఆవిడకి ఎవరూ చెప్పరు, హాయిగా ఉంటుంది. కానీ హాయిగా ఉంచడానికి నేనేమైనా ఆవిణ్ణి పసిపిల్లననుకుంటున్నానా, తోట మొత్తం పడగొట్టించుకుని నిటారుగా నిలబడ్డ మనిషి ఆవిడ. పైగా రేపు ఈ సీసాలోంచి పచ్చమొక్క బయటికొస్తే, చెప్పకపోతే, ఆవిడ చేసే మొదటి పని దాన్ని పీకడం. లేదు, చెప్పాలి. ఆరూ పసుపెక్కినా చెప్పాలి, ఒకటి నిలిచినా చెప్పాలి. ఆరూ పసుపెక్కితే ముందు నా చేత్తో ఉడకబెడతాను, తరవాత వెళ్ళి ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుని చెబుతాను. ఏడిస్తే ఏడవనీ, తిడితే తిట్టనీ, మళ్ళీ ఆదివారాలు కోపంగా తిందాం.

గంటయింది. అయిపోయాక చెయ్యి కదలదేం. ఇంతసేపు తొందరపడింది ఈ చెయ్యే కదా. డ్రాయరు లాగాను, రేకు విప్పాను, తెల్లకాగితం మీద ప్లేటు పెట్టాను. ముందు పోల్చుకోడానికి పెట్టినవి చూడాలి, అదీ పద్ధతి, కళ్ళు పద్ధతి తప్పబోతే బలవంతంగా అటు తిప్పాను. పాత తోట ఆకు రసం చిక్కటి పసుపు. అసలు తెగులు లేని ఆకు రసం నీళ్ళు. పరీక్ష సరిగ్గానే ఉంది, ఇక తప్పించుకోడానికి లేదు. మొదటి మొక్క పసుపు. రెండోది పసుపు. మూడోది లేతగా, కానీ పసుపే, నన్ను నేను మోసం చేసుకోను. నాలుగు పసుపు. ఐదు నీళ్ళు. ఆరు పసుపు. ఐదు నీళ్ళు. ఒక్కో మొక్కకి మూడేసి గుంటలు పోశాను, ఐదోదానివి మూడూ నీళ్ళే. కాగితం మార్చి చూశాను, కిటికీ దగ్గరికెళ్ళి చూశాను, మేడంని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది, దించుకుని చూసింది. "ఇంకో రెండుసార్లు పరీక్ష చెయ్యాలి," అంది, తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, "కానీ ఇది నిలబడింది," అంది. ఏడుపేమీ రాలేదు, ఆకలేసింది.

అత్తని పిలిచాను. కాళ్ళు కడుక్కుని వచ్చింది. నేను నోరు తెరవబోయేలోగా అర దగ్గరికి వెళ్ళి వంగి, సీసాలు ఒక్కొక్కటే చూస్తోంది, కిటికీ వెలుతురు వీపు వెనక పడేట్టు తనకి తెలీకుండానే జరిగి నిలబడింది. చిటికెన వేలంత మొక్కలు, దబ్బనం కంటే సన్నటి ఆకులు, వాటిలో చార ఉందో లేదో భూతద్దం పెట్టి కూడా నేను తేల్చుకోలేకపోయాను. ఆవిడ వేలు నాలుగింటిని దాటి ఐదోదాని మీద ఆగింది.

"ఇది కేళీ. దీన్ని తీసెయ్."

"అత్తా, అందులో తెగులు లేనిది అదొక్కటే. అదే మన చెరుకు."

వేలు తియ్యలేదు. సీసా వంకే చూస్తోంది. లోపల ఏదో ఒకదానికొకటి తగులుకుంటున్నట్టు ముఖం మెల్లగా మారుతోంది, నేను చెప్పాల్సిన పని లేకపోయింది, కానీ అడిగితే అబద్ధం చెప్పకూడదని నిలబడ్డాను.

"మరి ఇన్నేళ్ళూ నేను పీకించినవి?"

"ఇలాంటివే. అన్నీ కాకపోవచ్చు. చాలా వరకు."

మేడం చప్పుడు చెయ్యకుండా బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అత్త నా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను, చీర అంచుకి ఇంకా నిన్నటి మట్టి ఉంది.

"దీన్ని ఎప్పుడు నాటొచ్చు?" అంది చివరికి.

"ముందు దీన్ని సీసాలోనే పిలకలు వేయించాలి. మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఆ తరవాత కుండీలు, ఆ తరవాత పొలం."

"పొలంలోకొచ్చాక మళ్ళీ తెగులు రాదా?"

"వస్తుంది. పురుగు గట్టు మీద గడ్డిలోంచి మోసుకొస్తుంది. గడ్డి తీయించాలి, మొక్క మొక్కా చూడాలి, చార కనబడిన దుబ్బుని కనబడ్డట్టే పీకెయ్యాలి. ప్రతిరోజూ నడవాలి. దానికి మనిషిని పెట్టుకోవాలత్తా."

అత్త లేచి నిలబడింది.

"చారని నాకంటే ముందు పట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారే," అంది. "నేనే పీకుతాను."